డబ్బా మీద పచ్చ కవరు

జూన్ 11

పొట్టీ... నీ డబ్బా ఈరోజు వెలిగింది.

దుమ్ము తుడుస్తుంటే మీట మీద చెయ్యి పడింది అని రాద్దామనుకున్నాను. అబద్ధం. కావాలనే నొక్కాను. చిన్న ఎర్ర దీపం. కార్తీకంలో జ్వరంతో ఆస్పత్రికి పోయేటప్పుడు నువ్వే ఆర్పి పోయావు. మళ్ళీ ఇవాళ. చూడగానే భయమేసింది. వెంటనే ఆర్పేసి, వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను.

నీ నోటుబుక్కులో మిగిలిన తెల్ల కాగితాలు ఇవి. ఐదో తరగతి చదువు నాది. తప్పులుంటే నవ్వకు.

జూన్ 12

ఏమీ చేయలేదు. చీరలకు ఫాల్ కుట్టాను. నీ బల్ల వైపు వీపు పెట్టి కుట్టాను.

జూన్ 14

మధ్యాహ్నం. మీ నాన్న సుల్తాన్ బజార్ దుకాణంలో ఉన్నాడు. మిషన్ ఆపి నీ బల్ల ముందు కూర్చున్నాను.

ఒకదాని మీద ఒకటి రెండు నల్ల డబ్బాలు. మొదటి జీతంతో తెచ్చావు. "కింది డబ్బా అంకెలను పాట చేస్తదమ్మా. పై డబ్బా ఆ పాటకు బలమిస్తది." నేనన్నాను — "అంటే కిందిది పిండి రుబ్బుతది, పైది దోశ పోస్తది." ఎంత నవ్వావే. "గంతే అమ్మా, గంతే!" అని మీ నాన్న రాగానే ఆయనకూ చెప్పావు.

నేనూ నవ్వాను. లోపల మాత్రం చిన్న ముల్లు. ఎందుకే ఇది అంటే "నీ మిషన్ మోతకు ఆఫీసు పని అయితలేదమ్మా" అన్నావు. నన్ను బయట ఉంచి తలుపు వేసుకునే సామాను అనుకున్నాను. నీ చెవుల మీద ఆ పెద్ద హెడ్‌ఫోన్ ఉంటే పిలిచినా పలికేదానివి కావు. గరిటె విసిరిన రోజు కూడా ఉంది.

లాప్‌టాప్ ఆఫీసుది, వాళ్ళే తీసుకుపోయారు. నారాయణగూడలో ఆ ఆఫీసు ఉన్న గల్లీకి నేను పోవడం మానేశాను. కూరగాయలకు చుట్టు తిరిగి పోతాను. నీ ఫోను మాత్రం నా దగ్గరుంది. సొరుగులో తీగలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. పొట్టి తీగ ఒకటి ఫోనుకు సరిపోయింది. రెండో కొస కింది డబ్బాకు పట్టింది. దీపం వెలిగింది. ఫోనులో పాట కదులుతోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవుల్లో మాత్రం ఏమీ లేదు.

నాకు రాదులే అనుకున్నాను. కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు.

జూన్ 15

తెలిసింది!

నీ దినాలప్పుడు ఇల్లంతా కడిగాం కదా. బల్ల జరిపినప్పుడు డబ్బాల వెనక తీగలు నేనే పీకేసి ఉంటాను. ఎర్ర కొస ఒకటి, తెల్ల కొస ఒకటి, వేలాడుతున్నాయి. రెండు డబ్బాల వెనకా ఎర్ర రంధ్రం, తెల్ల రంధ్రం. రంగు చూసి దారం ఎక్కించడం నాకు రాదా? ఎర్రకు ఎర్ర, తెల్లకు తెల్ల. పెట్టాను.

చెవుల్లో పిడుగు పడింది. గుండ్రటి మీట మొత్తం తిప్పి ఉంది. హెడ్‌ఫోన్ పీకి మంచం మీద పారేశాను. తర్వాత దాన్ని పొయ్యిలాగా సిమ్‌లోకి తెచ్చాను. కొంచెం కొంచెంగా పెంచాను.

ఎవరో వేణువు ఊదుతున్నాడు. పేరు తెలియదు. ఊదే ముందు ఆయన గాలి పీల్చుకోవడం వినిపించింది. నా పక్కనే కూర్చుని పీల్చినట్టు. ప్రతి వరుసకూ ముందు ఒక ఊపిరి... నేను కూడా ఆయనతో పాటు పీలుస్తూ కూర్చున్నాను.

పాట అయిపోయింది. ఇంకొకటి కావాలనిపించింది.

అనిపించింది. అక్కడే సిగ్గుతో చచ్చిపోయాను. కార్తీకం నుంచి ఈ ఇంట్లో టీవీ మీద కవరు తీయలేదు. పక్కింటి పెళ్ళికి పోలేదు. కన్నతల్లిని. ఇంకొకటి కావాలనిపించింది.

జూన్ 16

మళ్ళీ విన్నాను.

జూన్ 19

రోజూ వింటున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక. తలుపు దగ్గరగా వేసి.

వీణ ఎడమ పక్క ఉంటుంది. మృదంగం కుడి పక్క, కొంచెం వెనక. పాడే ఆవిడ మధ్యలో, సరిగ్గా నా నుదుటి ముందు. ఆవిడ పెదవి తడుపుకోవడం కూడా తెలుస్తుంది. వీణ మీద వేలు జారితే చర్మం రాసుకున్న చప్పుడు. ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది. పాట రాసినవాళ్ళు ఆ కిర్రును రాయలేదు కదా. అదే నాకు ఎక్కువ నచ్చింది. మనుషులు నిజంగా కూర్చుని ఉన్నారు.

మన ఇల్లు రెండు గదులు. కళ్ళు మూసుకుంటే ఆ గోడలు వెనక్కి పోతాయి. పెళ్ళి హాలంత అవుతుంది.

నువ్వు నన్ను బయట పెట్టలేదే. ఇక్కడికి వచ్చేదానివి. ఒక్కసారి నా చెవులకు పెట్టి చూపిస్తే ఏం పోయేది... చూపిస్తానన్నావు కూడా. "రా అమ్మా, జర ఇను" అన్నావు. పొయ్యి మీద పాలున్నాయన్నాను.

జూన్ 24

నీ దోస్తు సంధ్య వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్ నుంచి నడుచుకుంటూ. పరీక్షకు చదివి చదివి ముఖం ఇంతే అయింది. చెవుల్లో దూది.

"చెవి పోటా బిడ్డా? ఉండు, వెల్లిపాయ నూనె కాచి పోస్త."

"పోటు గాదు ఆంటీ! హాస్టల్ పక్కన బిల్డింగ్ కడ్తున్నరు. పొద్దుగాల మొదలు పెడ్తే సాయంత్రం దాక డ్రిల్లింగే. మా నాయన గూడ మేస్త్రీనే గదా, ఏడనో ఎవరి చెవులో గిట్లనే పగలగొడ్తుంటడు. ఆ ఉసురు నాకు తగిలింది."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక దూది సర్దుకుంటూ అంది — "ఆంటీ, నా హెడ్‌ఫోన్ శ్రావణి దగ్గర ఉండె. అది పెట్టుకుంటే జర మోత తగ్గుతది. చూస్తరా? తొందరేం లేదు."

నాకు తెలుసు అది సంధ్యదని. డబ్బాలు నీవి. హెడ్‌ఫోన్ ఆ పిల్లది. వాళ్ళన్న కొనిచ్చింది. పాటలు మాని తను పరీక్ష మీద మనసు పెట్టాలని నీకు ఇచ్చి పోయింది. అంతా తెలుసు.

హెడ్‌ఫోన్ మిషన్ సొరుగులో ఉంది. నా మోకాలు ఆ సొరుగుకు ఆనుకునే ఉంది.

"కనపడలే బిడ్డా" అన్నాను.

"పర్వాలేదు ఆంటీ. కనపడితే చెప్పుండ్రి."

"తిన్నవా?"

"తిన్న. హాస్టల్ పప్పు. అండ్ల పప్పు గింజ కనపడితే మేం ఫోటో తీసుకుంటం."

కూర్చోబెట్టి పెట్టాను. ముద్దపప్పు, పచ్చిపులుసు. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగింది, నువ్వు తాగినట్టే. ఇటు అబద్ధం, అటు అన్నం. ఆ పిల్ల మాత్రం రెండూ నమ్మింది.

జూన్ 25

వినలేదు. ముట్టుకోలేదు.

జూన్ 26

విన్నాను.

జూలై 6

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

వింటూ కూర్చున్నాను. ముసలావిడ ఎవరో జోలపాట పాడుతోంది. కళ్ళు మూసుకున్నాను. తలుపు మీద నీడ కదిలినట్టయితే కళ్ళు తెరిచాను. కవాడిగూడ నుంచి మీ మేనత్త. వెనకాల పైన కిరాయికి ఉండే ఆవిడ. వదినె నోరు కదులుతోంది. నాకేమీ వినిపించడం లేదు. హెడ్‌ఫోన్ తీశాను.

"...ఎంత సేపు పిలవాలె సుజాతా! గల్లీ మొదలుకు ఇనపడ్తున్నది నీ పాట."

"నేను పాడలే వదినె."

"పాడలే? ఈమెను అడుగు."

పై ఇంటి ఆవిడ గడప వైపు చూసింది.

"బిడ్డ పోయి ఏడాది నిండలే. ఈసారి బోనం ఎత్తుతలేం, గడపకు తోరణం కడ్తలేం. ఆ మాట చెప్పిపోదామని నేనొస్తే నువ్వు చెవులకు చిప్పలు పెట్టుకొని రాగాలు తీస్తున్నవ్! నలుగురు ఏమంటరే?"

చెవులు మూసుకుపోతే మన గొంతు మనకు తెలియదు. నేను పాడుతున్నానని నాకే తెలియదు. ఎంతసేపు పాడానో. గల్లీలో ఎవరెవరు విన్నారో. నాకు పాడటం రాదు కూడా.

వదినె తిట్టిందని కాదు. ఆమె తిట్టేదే తిట్టింది. నిన్ను ఎత్తుకొని పెంచిన మనిషి, ఆమె కళ్ళు కూడా వాచే ఉన్నాయి. కానీ నా నోరు నాకు చెప్పకుండా సంతోషపడింది. అది ఎక్కడ దాచుకోను?

జూలై 7

మీ నాన్న అన్నం దగ్గర — "అక్క ఏమో చెప్పింది."

"ఆ."

చాలాసేపు కలుపుకున్నాడు. "సౌండ్ మంచిగొస్తదా దాంట్ల?"

"మంచిగొస్తది."

చెయ్యి కడుక్కున్నాడు. నాకూ వినిపించు అంటాడేమో అని భయపడ్డాను. అననందుకు ఏడ్చాను.

జూలై 12

కవరు కుట్టాను.

ఎర్ర దీపం బయటికి కనపడకూడదని. మీ నాన్న చూడకూడదు, వదినె చూడకూడదు. నీ పచ్చ డ్రెస్సు కుట్టగా మిగిలిన గుడ్డ. అంచుకు పసుపు పైపింగ్ వేశాను. తీగలకు వెనక చిన్న కాజాలు కూడా. మిషన్ మీద అంత నీటుగా ఈ మధ్య ఏదీ కుట్టలేదు.

నువ్వుంటే కుట్టనిచ్చేదానివా? "టీవీకి కవరు, ఫ్రిజ్‌కు కవరు, మిక్సీకి కవరు. నాన్నకొకటి కుట్టమ్మా, దుమ్ము పడ్తున్నడు" అనేదానివి.

డబ్బాలకు తొడిగాను. బాగుంది. బిడ్డకు లాగు తొడిగినట్టుంది.

జూలై 18

కవరు తీయకుండానే వింటున్నాను. చెయ్యి లోపలికి పెట్టి మీట నొక్కుతాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నాను, పాట బయటికి రాకుండా.

ఇట్లా దొంగతనంగా వింటే ఇంకా తియ్యగా ఉంది. ఆ మాట రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

జూలై 23

ఆగిపోయింది.

వేణువాయన గాలి పీల్చుకున్నాడు — అంతే. ఊదలేదు. చెయ్యి లోపలికి పెడితే పెనం అంచు తాకినట్టు కాలింది. గుడ్డ వేడెక్కిన వాసన, ఇస్త్రీ ఎక్కువసేపు పెడితే వచ్చే వాసన. దీపం లేదు.

నేనే చేశాను. దాని ఊపిరి మూసేశాను. నీ వస్తువు ఒక్కటి బతికి ఉంటే దాన్ని కూడా కాపాడుకోలేకపోయాను.

అన్నం వండలేదు. తలనొప్పి అన్నాను.

జూలై 25

ముట్టుకోలేదు. కవరు కూడా తీయలేదు. ఫోను పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. సంధ్యకు తప్ప అది ఎట్లా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. సంధ్యను పిలిస్తే హెడ్‌ఫోన్ సంగతి బయటపడుతుంది.

పిలిచాను.

"శ్రావణి డబ్బా ఆగిపోయింది బిడ్డా."

"మీరు పెట్టిన్రా ఆంటీ?"

"దుమ్ము తుడుస్తుంటే..."

జూలై 26

వచ్చింది. చెవుల్లో దూది అట్లాగే ఉంది. బల్ల ముందు నిలబడి కవరు చూసింది.

"ఇదేంది ఆంటీ?"

"కవరు."

"దీనికా?"

"మిక్సీకి లేదా?"

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఆంటీ, ఇది పని చేస్తుంటే వేడైతది. ఆ వేడి పైనుంచి బయటికి పోవాలె. ఎండాకాలంల స్వెటర్ తొడిగినట్టు చేసిన్రు మీరు. ఉక్కపోసి పండుకుంది, గంతే. మళ్ళ నొక్కి చూసిన్రా?"

"లేదు. భయమైంది."

కవరు తీసి మీట నొక్కింది. ఎర్ర దీపం. ఇన్ని రోజులూ నొక్కితే వెలిగేదే.

నేను గోడకు ఆనుకున్నాను.

"ఇనడానికి ఏమన్న ఉందా? నా దగ్గరున్న చిన్న ఇయర్‌ఫోన్లు దీనికి పట్టవు" అంది.

ఇక తప్పించుకునే దారి లేదు. మిషన్ సొరుగు లాగాను. తీసి చేతికిచ్చాను. ముఖం చూడలేదు.

తర్వాత చూశాను — చెవులకు ఆనుకునే మెత్తల మీద నూనె మరక. నా తలనూనె. రెండు వైపులా. ఎన్ని రోజులు పెట్టుకుంటే అంత మరక పడుతుంది? వేరే ఏమీ చెప్పక్కరలేదు. సంధ్య చున్నీ కొసతో ఆ మరక తుడిచింది. మెల్లగా. దూది తీసి పెట్టుకుంది.

"వస్తున్నది ఆంటీ."

"నేను..."

"ఊకోండ్రి ఆంటీ. ఇంటున్నా అని మీరంటే నేను అడగకపోదును."

తీసి నా తలకు పెట్టింది. జడ పక్కకు జరిపి, చెవి మీద సరిగ్గా కుదిరిందా అని చూసి. "ఈ పక్కది ఎడమ చెవికి. ఇన్ని రోజులు మీరు ఉల్టా పెట్టుకున్నట్టున్నరు." పాట మొదలైంది. వీణ కుడి పక్కకు పోయింది. ఇన్నాళ్ళూ వాళ్ళందరినీ తప్పు చోట కూర్చోబెట్టాను.

పోయేటప్పుడు గడపలో అంది — "పరీక్ష అయ్యేదాక మీ దగ్గర్నే ఉండనీయుండ్రి. నాకు దూది అలవాటయింది."

తీసుకపో బిడ్డా, అనాలి. నాలుక మీదకు వచ్చింది. అనలేదు.

జూలై 27

తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 9

హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకొని అశోక్‌నగర్ పోయాను. ఇచ్చేద్దామనే పోయాను.

గోడల నిండా కోచింగ్ పోస్టర్లు. జిరాక్సు దుకాణం ముందు పిల్లలు. హాస్టల్ పక్కన పరదాలు కట్టి ఇల్లు లేపుతున్నారు. ఆ డ్రిల్లింగ్ మోత పండ్ల చిగుళ్ళలోకి పోతుంది. నా మిషన్ మోత దానిముందు ఎంత?

సంధ్య మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం. రెండు చేతుల వేళ్ళూ చెవుల్లో. పేజీ తిప్పాలంటే మోచేత్తో తిప్పుతోంది. మోచెయ్యి జారి రెండు పేజీలు తిరిగితే మళ్ళీ వెనక్కి.

నన్ను చూడలేదు. పది అడుగులు పోతే చాలు.

వెనక్కి తిరిగాను. దారిలో కరివేపాకు కొన్నాను, అందుకే వచ్చినట్టు.

ఇంటికి వచ్చి విన్నాను. పాట అంతా మోచెయ్యే కనపడింది.

ఆగస్టు 10

హెడ్‌ఫోన్ తీసి పెడితే డబ్బాలు ఊరికే వెలుగుతాయి. అవి పాట తయారు చేసి పెడతాయి, తినేవాళ్ళుండరు.

నాకు కావలసింది పాట కూడా కాదు. ఎందుకు ఇవ్వలేకపోతున్నానో రాద్దామంటే రావడం లేదు. వేణువాయన ఊపిరి తీసుకున్నప్పుడు... ఆస్పత్రిలో నీది వింటూ కూర్చున్నాను కదా. ఒకటి అయ్యాక ఇంకొకటి వస్తుందా అని. ఇక్కడ ప్రతిసారీ వస్తుంది. నిన్న వచ్చింది, ఇవాళ వచ్చింది.

అందుకు ఆ పిల్ల చెవుల్లో వేళ్ళు పెట్టుకొని చదవాలా?

సెప్టెంబర్ 2

పచ్చ కవరు కుట్లు విప్పాను. అదే గుడ్డతో హెడ్‌ఫోన్‌కు సంచి కుట్టాను. లోపల మెత్తగా ఉండాలని నా పాత చీర అస్తరు. మెత్తల మీద మరక సబ్బు నీళ్ళతో తుడిచాను. పూర్తిగా పోలేదు.

డబ్బాల మీద ఇప్పుడు ఏమీ లేదు. దీపం బయటికే కనపడుతుంది. మీ నాన్న చూశాడు. దాని ముందు దుమ్మును తువ్వాలుతో ఒకసారి దులిపి పోయాడు.

సెప్టెంబర్ 19

వదినె ఫోను. ఎల్లుండి పెత్రమాస, పెద్దలకు పెట్టే అమావాస్య.

"మీ మామయ్యకు, అత్తమ్మకు బియ్యమిద్దాం. పొట్టికి ఈసారి పెట్టొద్దు సుజాతా. ఏడాది నిండలే. ఇంకా పెద్దలల్ల కలవలే అది."

"సరే వదినె."

"పేరు గూడ తియ్యకు. పెట్టొద్దంటే నాకు బాగనిపిస్తదా..." అని ఫోను పెట్టేసింది.

పెద్దలలో కలవలేదట. ఇంకా చిన్నపిల్లవే. ఎట్లా కలుస్తావు?

సెప్టెంబర్ 20

సంధ్యను రేపు భోజనానికి పిలిచాను. "వస్త ఆంటీ, ఖాళీ కడుపుతోని వస్త" అంది. వెనకాల మోత. రెండుసార్లు చెప్పించుకుంది.

కందిపప్పు ఏరి పెట్టాను. చింతపండు నానేశాను. ఆలుగడ్డలు సన్నగా తరిగి వేయించాలి, మాడు అంచులతో.

హెడ్‌ఫోన్ పచ్చ సంచిలో బల్ల మీద ఉంది. మధ్యాహ్నం తీసి ఒక్క పాట విన్నాను. మళ్ళీ సంచిలో పెట్టాను. మళ్ళీ తీశాను. ఇప్పుడు సంచిలో ఉంది. రేపు అన్నం పెట్టి చేతికిస్తానో, పోయేదాకా మాటల్లో పెట్టి మళ్ళీ సొరుగులో వేస్తానో... నన్ను నేను నమ్మడం లేదు. నువ్వే చెప్పు అందామంటే నీ మాట నాకు ముందే తెలుసు.

పొట్టీ, రేపు నీ పేరు తియ్యను. నీకని విస్తరి వెయ్యను. సంధ్యకు పెడతాను, మీ నాన్నకు పెడతాను. ముద్దపప్పు కొంచెం ఎక్కువే వండుతాను, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎక్కువ వేస్తాను. పిలవలేదని అలగకు. వచ్చి కడుపునిండా తిను.